గేమ్ డిజైన్ డిగ్రీలో చేరేముందు ఏం చూడాలి?

హనుమకొండ_స్టూడెంట్:
ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. గేమ్ ఆడటం కంటే ఆ లెవెల్ అలా ఎందుకు పెట్టారు, ఈ రూల్ మారిస్తే ఏమవుతుంది అని ఆలోచించడమే నాకు ఇష్టం. హైదరాబాద్‌లో రెండు ప్రైవేట్ కాలేజీలు చూసొచ్చాం, రెండు చోట్లా ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నారు, ఫీజు మాత్రం లక్షల్లో ఉంది, నాన్న లోన్ తీసుకుందామంటున్నారు. టెన్షన్‌గా ఉంది. చేరేముందు ఏం అడగాలి?

లెవెల్_డిజైనర్:
తమ్ముడూ, ముందు సెమిస్టర్ల వారీగా సిలబస్ ఇవ్వమను. చాలాచోట్ల గేమ్ డిజైన్ అని పేరు పెట్టి మాయా, జెడ్‌బ్రష్ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లలో బొమ్మల మోడలింగే నేర్పిస్తారు, అది గేమ్ ఆర్ట్, మంచి పనే గానీ నువ్వడిగేది అది కాదు. రూల్స్ రాయడం, కాగితం మీద ప్రోటోటైప్ (గేమ్ నమూనా) చేయడం, దాన్ని కొత్తవాళ్లతో ఆడించి ఎక్కడ తికమక పడుతున్నారో చూసి మార్చడం, యూనిటీ, అన్‌రియల్ లాంటి గేమ్ ఇంజిన్లలో (గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) సొంతంగా కట్టుకునేంత కోడింగ్, ఇవి ఉండాలి.

తర్వాత సీనియర్లు చేసిన గేమ్స్ అడుగు. వీడియో చూపిస్తే ఒప్పుకోకు, ఆడి చూస్తానని చెప్పు. అమెరికాలో డిజిపెన్ అనే గేమ్ కాలేజీ విద్యార్థులు టీమ్‌గా చేసిన నార్బాక్యులర్ డ్రాప్ అనే గేమ్ నచ్చి వాల్వ్ అనే గేమ్ కంపెనీ ఆ టీమ్‌ని ఉద్యోగాల్లోకి తీసుకుంది, 2007లో వచ్చిన పోర్టల్ గేమ్‌కి మూలం అదే. ఏడాదికి ఒక్క గేమైనా టీమ్‌తో పూర్తి చేయించని కోర్సుకి లోన్ తీసుకోవద్దనే అంటాను.

సికింద్రాబాద్_అమ్మ:
మా అబ్బాయి కోసం నేనూ తిరిగాను బాబూ. ప్లేస్‌మెంట్ లిస్టులో కంపెనీ పేరొక్కటే చూడకండి, ఏ ఉద్యోగం, ఎంత జీతం, ఏ సంవత్సరం అని అడగండి. 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని కేంద్రం చట్టం చేసి నిషేధించింది కదా, పాత లిస్టుల్లో రమ్మీ కంపెనీలుంటే వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. డిగ్రీ ఏ యూనివర్సిటీ ఇస్తుందో యూజీసీ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి.

కోడ్_రాసేవాడు:
నా అభిప్రాయం వేరు. ఎంపీసీ ఉంది కాబట్టి బీటెక్ సీఎస్ఈ చేసి, మనసు మారకపోతే తర్వాత బెంగళూరు ఎన్ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డిజిటల్ గేమ్ డిజైన్ ఎం.డెస్‌కి, అంటే డిజైన్‌లో పీజీకి ప్రయత్నించొచ్చు. గోడాట్ అనే గేమ్ ఇంజిన్ పూర్తిగా ఉచితం, ఈలోపు అందులో చిన్న గేమ్స్ చేస్తూ ఉండు.

లెవెల్_డిజైనర్:
అదీ మంచి దారే, కాకపోతే బీటెక్‌లో ల్యాబులు, పరీక్షల మధ్య గేమ్స్‌కి టైమ్ నువ్వే పట్టుబట్టి తీసుకోవాలి. తమ్ముడూ, ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ చాలా ఏళ్లు హైదరాబాద్‌లోనే జరిగింది, ఈసారి ఎక్కడో చూసుకుని వీలైతే వెళ్లు. స్టూడియోల వాళ్లు అక్కడికి వస్తారు, నువ్వు అనుకుంటున్న కాలేజీ నుంచి ఎవరినైనా తీసుకున్నారా అని వాళ్లనే అడుగు.