నకలు కత్తికి యుద్ధపు గాట్లు పెట్టాలా, వద్దా?

చంద్రగిరి కుర్రాడు: ఒక జానపద సినిమాలో సేనాపతి పట్టిన కత్తికి నకలు చేశాను. రెసిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) పోత, లోపల అల్యూమినియం పట్టీ, పైన వెండిరంగు. మూడు వారాలు గరుకు కాగితంతో రుద్దాక అద్దంలా తయారైంది గానీ, చూస్తే తిరునాళ్ల బొమ్మకత్తే. యుద్ధం చూసిన దానిలా మార్చాలని ఉంది. "కొత్త వస్తువును చేతులారా పాడు చేసుకుంటావా" అంటున్నారు మా నాన్న. మీరేమంటారు?

బైరాగిపట్టెడ: నాన్నగారి మాటే నాదీ. మన తిరుపతి గంగ జాతరలో బైరాగి వేషం కట్టేవాళ్లు ఒళ్లంతా తెల్లనామం పూసుకుంటారు. నిజం బైరాగిలా లేరని ఎవరైనా అడిగారా? ఎవరి వేషమో తెలిస్తే చాలు. పైగా మసి పూస్తే, పోతలో లోపాలు దాచావనుకుంటారు.

ఆకురాయి: జాతర పోలిక బాగుంది గానీ ఇక్కడ పనికిరాదు. వేషాన్ని దూరం నుంచి చూస్తాం, కత్తిని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తాం. సినిమావాళ్లు కూడా దగ్గరి దృశ్యాలకు ఒకటి, పోరాటాలకు రబ్బరుదో చెక్కదో ఇంకొకటి చేయించుకుంటారు. తెర మీది పాతదనం చాలావరకు రంగు పనే. కాబట్టి తమ్ముడూ, అది మోసం కాదు, నకలులో భాగం.

అయితే కత్తి పొడవునా ఒకే తీరుగా గీతలు పెట్టకు. అది యుద్ధం కాదు, పిల్లి గోళ్లు. ఎదుటివాడి దెబ్బను ఆపేది పిడికి దగ్గరి సగం. అక్కడ మూడుమూలల ఆకురాయితో నాలుగైదు గాట్లు చాలు, లోతు మాత్రం ఒక్కలా ఉండకూడదు. ఒరలోంచి దూసిన గీతలు పొడవు వెంట సన్నగా ఉండాలి. పిడి మీది ఇత్తడి రంగు బొటనవేలు ఆనేచోట అరగాలి. తర్వాత నల్ల అక్రిలిక్ రంగును నీళ్లలా పలచన చేసి పూసి, నిమిషం ఆగి గుడ్డతో తుడిచెయ్యి. పల్లాల్లో మిగిలిందే మురికి. చివర్లో పెన్సిల్ ముల్లు పొడిని వేలితో అంచుకు రుద్దితే ఇనుములా నిగనిగలాడుతుంది. దానిమీద వార్నిష్ మాత్రం కొట్టకు, ఆ నిగారింపు చచ్చిపోతుంది.

కొర్లగుంట: తుప్పు మాటే ఎత్తలేదేం? వెనిగర్‌లో ఉప్పు కలిపి పూస్తే తెల్లారేసరికి తుప్పు సిద్ధం.

ఆకురాయి: ఇనుముకైతే సరే. రెసిన్‌కు పూస్తే ఊరగాయ వాసన తప్ప ఏమీ రాదు. అయినా రోజూ వాడే సైనికుడు కత్తికి నూనె రాసి తుడుచుకుంటాడు. మ్యూజియం కత్తుల మీది తుప్పు యుద్ధం పెట్టింది కాదు, ఆ తర్వాతి వందల ఏళ్ల చెమ్మ పెట్టింది.

కాళహస్తి: పిడి సంగతి నాకు వదలండి. నూలుదారాన్ని కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరబెట్టి చుట్టండి. దానిమీద మా కలంకారీ నల్లరంగు, అంటే తుప్పు ఇనుమూ బెల్లమూ వారాలపాటు ఊరబెట్టిన నీళ్లు, కుంచెతో తాకిస్తే చూస్తుండగానే నల్లబడుతుంది. ఏళ్ల తరబడి చెమట తాగిన పిడిలా ఉంటుంది. కొర్లగుంట గారికి తుప్పూ దక్కినట్టే.

చంద్రగిరి కుర్రాడు: చేసేశాను. ఐదో గాటు లోతుగా దిగి తెల్ల రెసిన్ బయటపడింది, వెండిరంగు అద్ది కప్పాను. దారంతో పాటు నా వేళ్లూ నల్లబడ్డాయి. నాన్న కత్తి పట్టుకున్నారు. బొటనవేలు సరిగ్గా అరిగినచోటే ఆనింది. "బరువు చాలలేదు" అన్నారు, అంతే.

బైరాగిపట్టెడ: నేనింకా ఒప్పుకోలేదు. మెరిసేటప్పుడు తీసిన ఫొటో ఉంటే అదీ పెట్టు.