జూనోలో మా పాప ట్లింగిట్ పరిచయం: గోత్రం చెప్పించవచ్చా?

మేం అలాస్కాలో, జూనోలో ఉంటాం. మా పాపకి బడిలో ఇక్కడి ఆదివాసులైన ట్లింగిట్ వాళ్ళ భాష, పాటలు నేర్పుతున్నారు. అన్నం పెట్టగానే "గునల్చీష్" అంటుంది, థాంక్స్ అని. అందులో 'ల' మన ల కాదు, నాలుక పక్కల నుంచి గాలి ఊదాలి. నేను పలికితే ఒకటే నవ్వు.

ట్లింగిట్ వాళ్ళలో పరిచయమంటే పేరొక్కటే కాదు. వాళ్ళ వంశాలన్నీ రెండు పక్షాలు. బొంతకాకి పక్షమా, గద్ద పక్షమా, ఏ వంశం, అందులో ఏ ఇల్లు (శాఖ), అన్నీ చెప్పాలి. అచ్చం మన ప్రవరే, కాకపోతే వంశం తల్లి నుంచి వస్తుంది. వచ్చే వారం పెద్దల ముందు పాప చెప్పాలి. మాకు అక్కడి వంశం లేదు, ఉన్నట్టు చెప్పడం తప్పు. గోత్రం చెప్పిస్తే వింతగా ఉంటుందా? అమ్మమ్మ ఊరు చాలా? టీచర్‌ని అడగడానికి మొహమాటం. అక్కడ పిల్లల్ని చదివించినవాళ్ళు ఏం చెప్పించారు? ఆ 'ల' ఎలా ప్రాక్టీస్ చేశారు?