బెంగళూరు కెంగేరి దగ్గర 40×60 సైటు: లక్క బొమ్మల లేతులు, కుమ్మరి పని ఒకే షెడ్డులో పెట్టాలంటే ప్లాను ఎలా?

కెంగేరి_ప్లాన్:
నమస్కారమండి. తూర్పు రోడ్డు సైటు, రోడ్డు వైపు 40 అడుగులు. సెట్‌బ్యాక్‌లు (చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా) పోగా 28×46 కట్టుకోవచ్చు. ఎనిమిది మంది లక్క బొమ్మల పనివాళ్లు, నలుగురు కుమ్మరులు కలిసి వాడుకునే షెడ్డు కావాలి. 1 హెచ్‌పీ లేతులు (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రాలు) 8, బ్యాండ్‌సా (కర్ర కోసే పట్టీ రంపం) 1, కరెంటు సారెలు 4, పగ్‌మిల్ (మట్టి పిసికే యంత్రం) 1, కుండలు కాల్చే 200 లీటర్ల కరెంటు ఆవం 1. పైన అమ్మకానికి షోరూమ్ వేయమని అందరూ అడుగుతున్నారు. ఆవం ఆగ్నేయంలోనే ఉండాలని పెద్దవాళ్ల పట్టు. లేత్ హాలుకి మామూలు రేకులు వేస్తే చాలా? పొట్టు పీల్చే 3 హెచ్‌పీ డస్ట్ కలెక్టర్ ఒకటి సరిపోతుందా?

తరిణెపని:
ఒకటి సరిపోదండి. పొట్టు గొట్టంలో పేరుకోకుండా సాగాలంటే గాలి సెకనుకి 20 మీటర్ల వేగంతో పోవాలి. ఒక్కో లేతుకి 4 అంగుళాల గొట్టం వేస్తే గంటకి దాదాపు 560 ఘనమీటర్ల గాలి పడుతుంది, ఎనిమిదింటికీ కలిపి 4,500. మిషను మీద రాసి ఉండే అంకె గొట్టాలేవీ తగిలించనప్పటిది. వంపులు, నిండిన సంచి కలిశాక అందులో చాలా పోతుంది. 3 హెచ్‌పీవి రెండు పెట్టి చెరో నాలుగు లేతులు ఇవ్వండి. ఒకటి రిపేరుకి వచ్చినా సగం మందికి పని ఆగదు. నాలుగు కొమ్మలు కలిసే చోట గొట్టం 8 అంగుళాలు, రెండే కలిసే చోట 6 చాలు. అంతా 8 వేస్తే దూరపు లేతు దగ్గర వేగం పడిపోయి పొట్టు అడుగున కూర్చుంటుంది. మలుపులో 90 డిగ్రీల ఎల్బో ఒక్కటి బదులు 45 డిగ్రీలవి రెండు కలిపి తిప్పండి. జీఐ (జింకు పూత ఇనుప) గొట్టమే వాడి ఎర్త్ చేయించండి.

ఇంకో మాట, ఇది మాత్రం మర్చిపోకండి. ఉలులు సానపట్టే గ్రైండరుని ఈ గొట్టానికి ఎప్పుడూ కలపకూడదు. ఒక్క ఉక్కు నిప్పురవ్వ సంచిలోకి పోతే ఎండు పొట్టు లోపల్లోపలే రాజుకుని, అందరూ తాళం వేసి వెళ్లాక మంట లేస్తుంది. గ్రైండరుని వేరే మూల పెట్టండి. కలెక్టర్లు కూడా గోడ బయట, చిన్న చూరు కింద ఉంటే హాల్లో మోత తగ్గుతుంది.

లేతులు నాలుగేసి రెండు వరసలు, ఒక్కోదానికి 2 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, నడుమ 1.2 మీటర్ల దారి. ముక్క ఊడితే ఎగిరి వచ్చే దిక్కులో ఇంకో మనిషి నిలబడకుండా లేతుల్ని కాస్త ఏటవాలుగా తిప్పండి. నేల సిమెంటే, పై అంతస్తు వద్దు. పైన షోరూమ్ వేస్తే ఈ హాలుకి కావాల్సిన పైవెలుగు పోతుంది. లక్క రంగు సమంగా పట్టిందో లేదో, మొగలి ఆకుతో మెరుగు పెట్టాక గీతలు మిగిలాయో లేదో తెలిసేది ఆ వెలుగులోనే. అమ్మకానికి తూర్పున 6 అడుగుల వరండా చాలు.

రేకుల సంగతి. ఉత్తరం వైపు 3 అడుగుల అద్దాలతో రంపపు పళ్ల కప్పు వేయండి. అయితే బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరానే ఉంటాడు. ఉత్తరపు అద్దంలోంచి ఎండ రాదనుకుని వదిలేస్తే ఆ నాలుగు నెలలూ లేతు మీద ఎండ పడుతుంది. పైన అడుగు చూరు, పొద్దుటి, సాయంత్రపు ఎండకి పక్క రెక్కలు తప్పనిసరి. రేకు కింద ఇన్సులేషన్ కూడా కావాలి. లక్క 70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది గానీ, ఉత్త రేకు కింద మే నెలలో అంతకు ముందే లక్క కడ్డీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వాటికి చల్లగా ఉండే చిన్న గది ఇవ్వండి.

అంకుడు కర్ర (చన్నపట్నం వైపు ఆలె మర అంటారు) రోడ్డు వైపే దిగేలా చూడండి. నేలకి అడుగు ఎత్తున, వరసల మధ్య అంగుళం రీపర్లు (సన్న కర్ర బద్దలు) పెట్టి నీడలో పేర్చాలి. దుంగల చివర్లకి మైనమో, పెయింటో పూయకపోతే అక్కడే ముందు ఎండి చీలుతుంది. తేమ 12 శాతానికి దిగకముందే లేతుకెక్కిస్తే తర్వాత లక్క పొర పగలొచ్చు.

మట్టి_ఆవం:
పై మాటలన్నీ సరే. నా భయం ఆవం, పొట్టు పక్కపక్కన ఉండటం గురించే. తూర్పు సగం లేతులకి, పడమటి సగం మట్టికి ఇచ్చి, మధ్యలో కప్పుదాకా 9 అంగుళాల గోడ కట్టండి. తలుపు ఒక్కటే, అదీ దానంతటది మూసుకునేది.

ఆవం ఆగ్నేయంలో పెడితే రోడ్డుకి, కర్ర దింపే చోటుకి ఆనుకుంటుంది. పైగా చలికాలం తూర్పు గాలి ఆ వేడిని, ఆవిరిని సరాసరి లేతుల మీదికి తోస్తుంది. వాయవ్యంలో పెడితే వానాకాలపు నైరుతి గాలికీ, చలికాలపు తూర్పు గాలికీ సెగ చాలావరకు బయటికే పోతుంది. వంటకి ఆగ్నేయం కుదరనప్పుడు వాయవ్యాన్ని వాస్తువాళ్లే ఒప్పుకుంటారు కదా, పెద్దవాళ్లకి అదే చెప్పండి. గోడలకి కనీసం 45 సెంటీమీటర్ల ఎడం ఉండాలి, పైన హుడ్, పక్కలు తెరిచిన కప్పు. మొదటి గంటల్లో నీరు ఆవిరయ్యేటప్పుడు 100 డిగ్రీల లోపు నెమ్మదిగా పోనివ్వాలి. తొందరపడితే పచ్చి కుండలు పేలతాయి, ఆ ఆవిరికి బయటికి దారి లేకపోతే ఇనుప చట్రం తుప్పు పడుతుంది.

మట్టి నీళ్లు నేరుగా డ్రైనేజీలోకి వదలకండి. 2×2×2 అడుగుల గదులు మూడు వరసగా కట్టి, ఒకదాని పైనుంచి ఇంకోదానిలోకి పొర్లేలా చేయండి. మొదటి గది సగం నిండగానే తోడాలి, అందుకే మూత ఇద్దరు ఎత్తగలిగే బరువే ఉండాలి. తోడిన మట్టి పగ్‌మిల్లుకే తిరిగి పోతుంది. నేలని ఎండు చీపురుతో ఊడ్వనివ్వకండి. మట్టిలోని సిలికా గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. తడిగుడ్డతో తుడిచేలా నున్నటి నేల, మూలకి వాలు ఇవ్వండి.

ఈ సైజు సైటుకి వాననీటి తొట్టి ఎలాగూ కట్టాలి. ఏడాదికి 970 మిల్లీమీటర్ల వాన లెక్కన, 120 చదరపు మీటర్ల కప్పు మీద వృథా పోగా దాదాపు 90 వేల లీటర్లు దొరుకుతాయి. మట్టి కలపడానికి అవే వాడండి.

కెంగేరి_ప్లాన్:
చాలా థాంక్సండి. షోరూమ్ తీసేసి వరండా పెడతాను, ఆవం వాయవ్యానికి మారుస్తాను. కరెంటు లోడు ఎంతకి అడగాలి? అన్నీ కలిపితే 30 కిలోవాట్లు దాటుతోంది.

మూడు_ఫేజులు:
అన్నీ ఒకేసారి నడిపితే 30 నిజమే. లేతులు 6, కలెక్టర్లు 4.4, బ్యాండ్‌సా, పగ్‌మిల్, సారెలు, లైట్లు కలిసి ఇంకో 5 నుంచి 6, ఆవం ఒక్కటే 15. లేతులు నడిచే వేళ ఆవం వెలగకుండా ఇంటర్‌లాక్ పెట్టి రాత్రి కాల్చుకుంటే 20కి అడిగినా చాలు. నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ తగ్గుతుంది. అయితే రాత్రి ఆవం దగ్గర ఒక మనిషి ఉండాలి, అతనికి బయటికి వేరే తలుపు ప్లానులోనే చూపించండి. ఆవానికి ఫేజుకి 21 ఆంపియర్లు, గంటల తరబడి నడుస్తుంది కాబట్టి 32 ఆంపియర్ల ఎంసీబీ, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, బోర్డు నుంచి విడి లైను.

లేతుల మీద చౌక లైట్లన్నీ ఒకే ఫేజు మీద వేయకండి. అవి సెకనుకి 100 సార్లు మినుకుతాయి, కొన్ని వేగాల దగ్గర తిరుగుతున్న ముక్క ఆగినట్టే కనిపిస్తుంది. పనివాడు దాని మీద చెయ్యి వేస్తాడు. మినుకు లేని డ్రైవర్ ఉన్న ఎల్‌ఈడీలు తీసుకుని, మూడు ఫేజులకీ పంచండి. లేతు దగ్గర 500 లక్స్ (వెలుగు కొలత) రావాలి. ఒక్కో లేతుకి మోకాలికి అందే ఎత్తులో ఎర్ర స్టాప్ బటన్ కూడా ఎస్టిమేటులో రాయండి. చేతులు రెండూ ఉలి మీద ఉంటాయి కదా.