కార్మిక చట్టాల కోర్సును నిలబెట్టుకోవడానికి ఏ వాదన పనికొస్తుంది?

నేను హైదరాబాద్ శివారులోని ఒక ప్రైవేటు ఎంబీఏ కళాశాలలో పదకొండేళ్లుగా మానవ వనరుల నిర్వహణ బోధిస్తున్నాను. ఐచ్ఛికంగా ఉన్న కార్మిక చట్టాల కోర్సును వచ్చే ఏడాది తీసేసి, దాని స్థానంలో బిజినెస్ అనలిటిక్స్ రెండో భాగం పెట్టాలని యాజమాన్యం ప్రతిపాదించింది. ప్రాంగణ నియామకాలకు వచ్చే కంపెనీలు ఆ విషయం అడగవన్నదే వారు చెప్పిన ఏకైక కారణం. మా గేటు దగ్గరి ఫ్లెక్సీలో కూడా విద్యార్థుల ఫొటోల కింద లక్షల్లో ప్యాకేజీలే ఉంటాయి తప్ప వాళ్లు ఏం చదివారో ఉండదు.

అప్పు చేసి ఫీజు కట్టిన తల్లిదండ్రులు ఉద్యోగం ఆశించడం న్యాయమే, దాన్ని నేను తప్పుపట్టను. అయితే ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక ఇచ్చే ఎంబీఏ ర్యాంకుల్లోనూ పట్టభద్రుల జీతానికి, దాని పెరుగుదలకు పెద్దపీట వేస్తున్నప్పుడు, మా వంటి చిన్న కళాశాల వేరే కొలబద్ద వాడాలని అడగడం అత్యాశేమోనన్న సందేహం నన్ను పీడిస్తోంది. 29 కేంద్ర కార్మిక చట్టాల స్థానంలో 4 కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) తెచ్చిన కాలంలో ఈ కోర్సును వదులుకోవడం నాకు వింతగానే తోస్తోంది.

మాది పాఠ్యప్రణాళికను సొంతంగా రూపొందించుకునే స్వయంప్రతిపత్తి కళాశాల కనుక వచ్చే నెల బోర్డ్ ఆఫ్ స్టడీస్ (పాఠ్యాంశాల కమిటీ) సమావేశంలోనే విషయం తేలిపోతుంది. ఇలాంటి కోర్సును రూపు మార్చి కాపాడుకున్న అధ్యాపకులు ఎవరైనా ఉన్నారా? హెచ్‌ఆర్ విభాగాల్లో పనిచేస్తున్నవారు, కొత్తగా చేరినవారికి పీఎఫ్, గ్రాట్యుటీ, కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు మొదటి ఏడాదిలోనే ఎంతవరకు అవసరపడతాయో దయచేసి తెలపగలరా?