ఉద్యోగం, బస్సు, వంటిల్లు: బరువు తగ్గాలన్న పట్టుదల బుధవారం దాకా కూడా నిలవడం లేదు

ప్రశ్న – కర్నూలు టీచరు

నేను కర్నూలులో ఉంటూ కోడుమూరు వైపున ఒక ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఉదయం ఏడున్నరకు బస్సెక్కితే సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆరు దాటుతుంది; అంతకు ముందూ ఆ తరువాతా వంటిల్లే. రెండో కాన్పు తరువాత పెరిగిన బరువు తగ్గకపోగా ఏటికేడు పెరుగుతూనే ఉంది. నా ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ఈ మధ్య చేయించిన రక్తపరీక్షలో చక్కెర సరిహద్దులో ఉందని, ఇప్పుడే జాగ్రత్తపడమని డాక్టరు గారు చెప్పారు.

ఏం తినాలో, ఏం మానాలో నాకు తెలియక కాదు. సోమవారం ఉన్న పట్టుదల బుధవారానికి ఉండదు. ఇంట్లో టిఫిన్ చేసుకునే తీరిక లేని రోజున బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీలు తినేస్తాను. తిన్నాక ఈ వారం ఎలాగూ పోయిందని మిగతా రోజులు కూడా వదిలేస్తాను. ఇద్దరు పిల్లలు, అత్తమామలు ఉన్న ఇంట్లో ఉద్యోగం చేసుకుంటూ ఈ పట్టుదలను నిలబెట్టుకున్నవారు ఉంటే, ఎలా నిలబెట్టుకున్నారో దయచేసి రాయగలరు.

జవాబు – ఆదోని వ్యాపారి

మేడమ్, మనసుంటే మార్గముంటుంది. ఐదింటికి లేచి గంటసేపు స్టేడియంలో నడవండి, రాత్రి అన్నం మానేసి రాగి సంగటి తినండి. నేను అలాగే తగ్గాను. సమయం లేదనడం మనకు మనం చెప్పుకునే సాకు మాత్రమే.

జవాబు – అనంతపురం న్యూట్రిషనిస్టు

టీచరు గారూ, పై సలహా ఇచ్చినవారి ఉద్దేశం మంచిదే కాని, అది దుకాణం పదింటికి తెరిచేవారికి సరిపోయే సలహా. రాత్రి పదకొండుకు పడుకునే మనిషి ఐదింటికి లేస్తే కోత పడేది నిద్రకే. నిద్ర తగ్గితే మరునాడు ఆకలి పెరుగుతుందని, తీపి మీదికి, నూనె పదార్థాల మీదికి మనసు పోతుందని వైద్యులంతా అంగీకరిస్తున్న విషయం.

సంగటి గురించి కూడా ఒక మాట. వంద గ్రాముల రాగిపిండిలోనైనా, బియ్యంలోనైనా శక్తి 320 నుంచి 360 కెలరీల మధ్యనే ఉంటుంది. రాగిలో పీచు, కాల్షియం ఎక్కువ కాబట్టి అది మంచి ఆహారమే, కాని మన సంగటిలో బియ్యం కూడా పడుతుంది, పక్కన ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) ఉంటుంది, ముద్ద మీద నెయ్యి ఉంటుంది. ముద్ద సైజు తగ్గకుండా ధాన్యం పేరు మాత్రం మారితే బరువులో పెద్ద మార్పు రాదు.

మీ ఎత్తుకు 74 కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే అంకె, సుమారు 29.6. భారతీయులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. ఆడవారి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. ఈ అంకెలు చూసి 55 కిలోలకు దిగాలని లక్ష్యం పెట్టుకోకండి. ఉన్న బరువులో ఐదు శాతం, అంటే మీ విషయంలో నాలుగు కిలోల లోపే, తగ్గినా చక్కెర, రక్తపోటు మెరుగుపడతాయి. వారానికి అర కిలో చొప్పున తగ్గితే అది చాలా మంచి వేగం. తూకం కూడా వారానికి ఒకసారి, ఉదయం పరగడుపున మాత్రమే చూసుకోండి. ముందురోజు ఊరగాయతో తిన్నా చాలు, ఉప్పు పట్టి ఉంచే నీటి వల్ల ముల్లు కిలో దాకా పైకి పోతుంది, అది చూసి చాలామంది ప్రయత్నం మానేస్తారు.

ఇక పట్టుదల. అది రోజూ ఒకేలా ఉంటుందని నమ్మి వేసుకునే ప్రణాళిక ఎవరికీ నిలవదు, అందుకే పట్టుదల లేని బుధవారం కోసమే ప్రణాళిక వేయాలి. ఉగ్గానిని మానకండి. బొరుగులు తేలికైనవే, మీ లెక్కను పాడుచేస్తున్నది బజ్జీలు పీల్చుకున్న నూనె. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కెలరీలుంటాయి. బజ్జీలకు బదులు ముందురోజు రాత్రే ఉడికించి డబ్బాలో పెట్టుకున్న గుడ్లు రెండు తీసుకెళ్లండి, గుడ్డు తినకపోతే ఉడికించిన అలసందలు. అప్పుడు పదకొండింటికి స్టాఫ్ రూములో బిస్కెట్ ప్యాకెట్ వైపు చెయ్యి పోదు. వేయించిన చెనిక్కాయలు మంచివే కాని గుప్పెడే తినాలి, వంద గ్రాములకు ఐదు వందల కెలరీలు దాటతాయి.

వ్యాయామానికి గంట దొరకదన్న బెంగ కూడా వద్దు. వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలుండాలన్న పాత షరతును 2020 మార్గదర్శకాల్లో తీసేశారు. కాబట్టి సాయంత్రం బస్టాండు నుంచి ఆటో ఎక్కకుండా వేగంగా నడిచినా, విరామంలో బడి వరండాలో నాలుగు చుట్లు తిరిగినా అన్నీ లెక్కలోకే వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మన ఎండకు సాయంత్రం ఆరున్నర తరువాతే నడవండి.

అలసట, జుట్టు రాలడం, నెలసరి తేడాలు కూడా ఉంటే ఒకసారి థైరాయిడ్ పనితీరు చూసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి. అయితే థైరాయిడ్ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే కాబట్టి, మొత్తం బరువును దాని మీద వేయలేం.

జవాబు – కడప పెద్దమ్మ

అమ్మా, వారు చెప్పినవన్నీ బాగున్నాయి, కాని ఇంట్లో జరిగేది ఎవరూ రాయలేదు. అందరికీ వడ్డించి, చివరన నిలబడే తిని, పిల్లలు వదిలేసిన సగం దోసె, గిన్నె అడుగున మిగిలిన చిత్రాన్నం పారేయడానికి మనసొప్పక నోట్లో వేసుకునే అలవాటు నీకు లేదంటే నేను నమ్మను. అది మనం తిన్నట్టుగా మనకే గుర్తుండదు. రేపటి నుంచి నీ కంచం నువ్వు ముందే పెట్టుకో. కూర, పప్పు ముందు, అన్నం తరువాత. అందరితో పాటు కూర్చుని తిను. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టు, లేదా కుక్కకు వెయ్యి. అత్తగారు ఏమైనా అంటారనుకుంటే డాక్టరు గారి మాటను ముందుగా మీ ఆయన చేత చెప్పించు, కోడలు చెబితే పథ్యం, కొడుకు చెబితే వైద్యం.

నూనె విషయం కూడా అంతే. నీ ఒక్కదానికి వేరే కూర వండుకుంటే పది రోజులకు మించి సాగదు. ఇంటికి నెలకు ఎన్ని లీటర్లు తెస్తున్నారో చూసి ఒక లీటరు తగ్గించి తెప్పించు. లేని నూనె ఎవరూ పొయ్యలేరు కదా.

కర్నూలు టీచరు

అందరికీ ధన్యవాదాలు. పెద్దమ్మ గారూ, సగం దోసె సంగతి మా ఇంట్లో కూర్చుని చూసినట్టే రాశారు. నూనె లెక్క ఈ నెల సరుకుల చీటీ నుంచే మొదలుపెడతాను. ఇంకొక్కటి అడుగుతాను: బడిలో రోజుకు నాలుగైదు సార్లు టీ వస్తుంది, వద్దంటే తోటివారు చిన్నబుచ్చుకుంటారు. అది పూర్తిగా మానాల్సిందేనా?

అనంతపురం న్యూట్రిషనిస్టు

మానక్కరలేదు. రెండింటికి తగ్గించి, వాటిలోనూ చక్కెర ఒక చెంచాకు మించకుండా చూసుకోండి. మిగతా సార్లు ఆయమ్మతో ముందే చెప్పి మీ గ్లాసులో మజ్జిగో, వేడినీళ్లో పోయించుకుంటే చేతిలో గ్లాసు ఉంటుంది, ఎవరూ చిన్నబుచ్చుకోరు. అన్నం తిన్న వెంటనే మాత్రం టీ తాగకండి, ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.