ఒడిశా రాయగడ జిల్లా: గనికి అడవి భూమి ఇవ్వాలంటే పంచాయతీ గ్రామసభ చాలా, పల్లిసభ కావాలా?

ప్రశ్న: గుణుపురం వైపు ఒక పంచాయతీ, కింద ఆరు ఊళ్లు అనుకోండి. బాక్సైట్ గనికి అడవి భూమి ఇస్తూ పంచాయతీ ఆఫీసులో గ్రామసభ పెట్టి తీర్మానం రాసేశారు. కొండ కింది ఊళ్లో పల్లిసభే (ఆ ఒక్క ఊరి సభ) జరగలేదు. చెల్లుతుందా? పీసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల, అంటే గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం) ఆపగలదా?

జవాబు 1: చెల్లదు. అయితే పీసా మీద అంత ఆశ పెట్టుకోకండి. 1996 నాటి ఆ చట్టంలో సెక్షన్ 4(కె) చిన్నతరహా ఖనిజాలకే. బాక్సైట్ అందులోకి రాదు. 4(ఐ) భూసేకరణకు ముందు "సంప్రదించాలి" అంటుంది, అదీ గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని. ఆ "లేదా" ఉందే, దాంట్లోంచే లారీలు దూరతాయి.

పట్టుకోవలసింది 2006 అటవీ హక్కుల చట్టం. ఒడిశాలో దాని కింద గ్రామసభ అంటే పల్లిసభే, ఊరికొకటి. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. వయోజనులు 180 మంది ఉన్న ఊళ్లో 90 మంది, అందులో 30 మంది ఆడవాళ్లన్నమాట. నియమగిరి కొండల బాక్సైట్ గని కేసులో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18 తీర్పు తర్వాత జరిగినవీ పల్లిసభలే. రాయగడలో 7, కలహండిలో 5. పన్నెండూ వద్దన్నాయి.

జవాబు 2: పై మాటకు ఒక చేర్పు. 2022 అటవీ సంరక్షణ నిబంధనలొచ్చాక ఢిల్లీ (కేంద్రం) అనుమతి ముందే వచ్చేయొచ్చు. హక్కుల చట్టం అమలైందో లేదో చూసే పని రాష్ట్రం మీద పడింది. కాబట్టి అభ్యంతరం కలెక్టరుకి ముందుగానే పెట్టాలి.

పట్టా భూమి కూడా పోతుంటే అది వేరే దారి. 2013 భూసేకరణ చట్టం 41(3) ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ ముందస్తు సమ్మతి తప్పనిసరి. గ్రామసభ లేనిచోటే పంచాయతీ సమ్మతి. రాయగడ జిల్లా మొత్తం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద షెడ్యూల్డ్ ప్రాంతమే. గజపతి జిల్లాలోనూ రాయగడ బ్లాకు ఒకటుంది, అదీ షెడ్యూలే, పర్లాకిమిడి టౌను మాత్రం కాదు. కాగితంలో ఏ రాయగడో రాయండి.

జవాబు 3: అసలు తంటా సంతకం దగ్గర. తీర్మానం ఒడియాలో ఉంటుంది, మనవాళ్లు హాజరు అనుకుని సంతకం పెడతారు, తర్వాత ఆ షీటే తీర్మానానికి తోకవుతుంది. ముందు గట్టిగా చదివించండి. ఆఖరి లైను కిందే సంతకం చేయాలి, ఖాళీ ఉంటే అడ్డగీత కొట్టించాలి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఫిర్యాదు తెలుగులో ఇచ్చినా తీసుకోవాల్సిందే. పని తొందరగా కావాలంటే ఒడియా ప్రతి కూడా జతచేయండి.

ప్రశ్న అడిగినవారు: హాజరు పట్టీ నకలు?

జవాబు 3: పంచాయతీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజులు గడువు. తీర్మానం, హాజరు పట్టీ, సభ నోటీసు, మూడూ అడగండి. నోటీసు తేదీ దగ్గరే చాలా కేసులు తేలిపోతాయి.