హోల్డ్‌లో ఏమీ లేకపోయినా ‘హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్’ ఎందుకు వస్తోంది?

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక కాలేజీ ల్యాబ్, ఉబుంటు 22.04 మెషీన్లు. పైథాన్‌లో సైకోపీజీ2 (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ) బిల్డ్ చెయ్యాలంటే లిబ్‌పీక్యూ-డెవ్ అనే ప్యాకేజీ కావాలి. ఉబుంటులో ప్యాకేజీలు పెట్టే అప్ట్‌తో అప్ట్ ఇన్‌స్టాల్ కొడితే ‘యూ హావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్’ అని ఆగిపోతోంది. హోల్డ్ అంటే వెర్షన్ మారకుండా ఆపి ఉంచిన ప్యాకేజీ; అలాంటివాటిని చూపే అప్ట్-మార్క్ షోహోల్డ్ ఖాళీ. ఈ మెసేజ్ చూసి పిల్లలు హోల్డ్ కోసం గంటలు గంటలు వెతుకుతున్నారు, అదే బాధ.

అసలు సంగతి ఆ మెసేజ్‌కి పై లైన్లో ఉంది: లిబ్‌పీక్యూ-డెవ్‌కి సరిగ్గా అదే వెర్షన్ లిబ్‌పీక్యూ5 (పోస్ట్‌గ్రెస్ క్లయింట్ లైబ్రరీ) కావాలి, ఉబుంటు ఇచ్చేది 14. మెషీన్లో ఉన్నది 16. ఎప్పుడో పోస్ట్‌గ్రెస్ వాళ్ల రిపోజిటరీ (ప్యాకేజీలు తెచ్చుకునే చోటు) పెట్టి, తర్వాత తీసేశారు. లైబ్రరీ మాత్రం ఉండిపోయింది. అప్ట్-క్యాష్ పాలసీ లిబ్‌పీక్యూ5 అంటే 16 పక్కన డీపీకేజీ స్టేటస్ ఫైల్ (మెషీన్లో ఇన్‌స్టాల్ అయినవాటి జాబితా) ఒక్కటే, ప్రయారిటీ 100. 14కి 500 ఉన్నా, ప్రయారిటీ కనీసం వెయ్యి ఉంటే తప్ప అప్ట్ తనంతట తాను వెర్షన్ తగ్గించదు కదా.

రెండు ప్యాకేజీలకీ ఈక్వల్ గుర్తుతో 14 వెర్షన్ ఇచ్చి, మైనస్ ఎస్‌తో ఉత్తుత్తి రన్ చేస్తే, పోస్ట్‌గ్రెస్ క్లయింట్ 16ని తీసేస్తానంటోంది. క్లాసులో అది కావాలి.

ఆ రిపోజిటరీని మళ్లీ చేర్చి డెవ్ ప్యాకేజీని కూడా అక్కణ్ణించే తెచ్చుకోవడం మేలా? అప్పుడు లిబ్‌పీక్యూ5 ఇంకా కొత్త మేజర్ వెర్షన్‌కి ఎగిరితే క్లయింట్ 16 నడుస్తుందా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.